పికప్ ట్రక్కులో ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ బిగించుకోవడం ఎలా?

సెకండ్ హ్యాండ్‌లో కొన్న క్యాంపర్ ట్రైలర్‌ను పికప్ ట్రక్కుకు తగిలించి, ఏడు పిన్నుల ప్లగ్గును సాకెట్టులో పెట్టగానే వెనుక దీపాలన్నీ వెలుగుతాయి. ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు అన్నీ సరిగ్గా కనిపించడంతో బ్రేకులు కూడా పనిచేస్తున్నాయనుకుని బయలుదేరినవారు టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లలో నాకు తెలిసినంతలోనే నలుగురైదుగురు ఉన్నారు. ట్రక్కులో బ్రేక్ కంట్రోలర్ అనే చిన్న పెట్టె లేనంతవరకు ఆ ఏడు పిన్నులలో బ్రేకులకు ఉద్దేశించిన పిన్నుకు కరెంటు రానే రాదు. ఇటుకలతోనో వడ్ల బస్తాలతోనో నిండిన ట్రాక్టర్ ట్రాలీ చెరువుగట్టు దిగేటప్పుడు ట్రాక్టరును వెనుక నుంచి ఎలా నెట్టుకొస్తుందో చూసినవారికి, బ్రేకులు లేని ట్రైలర్ ట్రక్కును ఏం చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. కాకపోతే ఇక్కడ గంటకు అరవై అయిదు మైళ్ల వేగం, ముందు హఠాత్తుగా ఆగిపోయే ట్రాఫిక్కు తోడవుతాయి.

ఈ బ్రేకులు పనిచేసే తీరు ముందు తెలుసుకుంటే తరువాత చేసే ప్రతి పనికీ కారణం అర్థమవుతుంది. ట్రైలర్ చక్రంలోని డ్రమ్ము లోపల ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. దానికి కరెంటు అందగానే అది తిరుగుతున్న డ్రమ్ము ముఖానికి అతుక్కుని, డ్రమ్ముతో పాటు కొంత దూరం లాగబడుతుంది. ఆ లాగుడుతో ఒక మీట కదిలి బ్రేక్ షూలను డ్రమ్ముకు అదుముతుంది. కరెంటు ఎంత ఎక్కువైతే పట్టు అంత గట్టిగా ఉంటుంది. మీరు పెడల్ తొక్కినప్పుడు ఎంత కరెంటు పంపాలో నిర్ణయించడమే కంట్రోలర్ పని. పడవల ట్రైలర్లలోనూ, అద్దెకు దొరికే ట్రైలర్లలోనూ చాలావాటికి సర్జ్ బ్రేకులుంటాయి. ట్రక్కు నెమ్మదించినప్పుడు వెనుక నుంచి వచ్చే తోపుడుతోనే అవి పనిచేస్తాయి కనుక వాటికి కంట్రోలర్ అవసరం లేదు. అందువల్ల డబ్బు ఖర్చుపెట్టే ముందు మీ ట్రైలర్‌కు ఉన్నవి ఎలాంటి బ్రేకులో చూసుకోవాలి.

చట్టం సంగతికి వస్తే, ట్రైలర్‌కు బ్రేకులు ఎంత బరువు నుంచి తప్పనిసరి అనేది అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. చాలా రాష్ట్రాలలో హద్దు 3,000 పౌండ్లు. టెక్సాస్‌లో 4,500 పౌండ్లు. ఇది సరుకుతో కలిపిన బరువు. మామూలు కుటుంబ క్యాంపర్‌లో నీళ్లు, గ్యాసు సిలిండర్లు, వంటసామాను చేరేసరికి ఈ హద్దు దాటడానికి ఎంతో సేపు పట్టదు.

కొనే ముందు ట్రక్కును చూడండి

కంపెనీ నుంచే కంట్రోలర్‌తో వచ్చే ట్రక్కులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఫోర్డ్ తన సూపర్ డ్యూటీ ట్రక్కులలో 2005 మోడల్ నుంచి దీన్ని అమర్చడం మొదలుపెట్టింది, తరువాత మిగతావారూ అదే దారి పట్టారు. స్టీరింగుకు అటో ఇటో డాష్‌బోర్డు మీద ప్లస్, మైనస్ గుర్తులతో ఒక మీట, దాని పక్కన ట్రైలర్ బొమ్మ కనిపిస్తే మీ ట్రక్కులో కంట్రోలర్ ఉన్నట్లే, ఈ వ్యాసంలో చివరి భాగం మాత్రమే మీకు అవసరం.

అది లేకపోతే టార్చిలైటు పట్టుకుని పెడళ్ల పక్కన పడుకుని డాష్‌బోర్డు అడుగు భాగం వెతకాలి. టోయింగ్ ప్యాకేజీతో, అంటే ట్రైలర్ లాగడానికి కావలసిన ఏర్పాట్లతో, వచ్చిన ట్రక్కులలో చాలావాటికి అక్కడ ఎక్కడా తగిలించని ఒక ఖాళీ ప్లగ్గు వేలాడుతూ ఉంటుంది. మీ ట్రక్కు మోడలుకూ కొనబోయే కంట్రోలర్‌కూ సరిపోయే అడాప్టర్ హార్నెస్ కొంటే ఒక కొన ఈ ప్లగ్గులోకి, మరొక కొన కంట్రోలర్‌లోకి వెళుతుంది. వైరు కోయవలసిన అవసరమే రాదు, అరగంటలో పని ముగుస్తుంది. ఇందులో ఒక మెలిక మాత్రం ఉంది. ప్లగ్గు ఉన్నంతమాత్రాన దానికి కరెంటు వస్తున్నట్లు కాదు. కొన్ని ట్రక్కులలో బ్యాటరీ నుంచి రావలసిన వైరును ఇంజను గదిలోని ఫ్యూజు పెట్టె దగ్గరే తగిలించకుండా వదిలేస్తారు, మరికొన్నింటిలో దానికి సంబంధించిన ఫ్యూజును లేదా రిలేను చిన్న సంచిలో పెట్టి గ్లవ్ బాక్సులో ఉంచుతారు. ఓనర్స్ మాన్యువల్‌లో టోయింగ్ అధ్యాయం చదివి, కరెంటు ఉందో లేదో చూపే టెస్ట్ లైటుతో ప్లగ్గును పరీక్షించాకే ముందుకు వెళ్లాలి.

కంట్రోలర్లలో రెండు ప్రధాన రకాలున్నాయి. టైమ్ డిలే రకం, మీరు పెడల్ మెల్లగా తొక్కినా గట్టిగా తొక్కినా, ముందే నిర్ణయించిన మోతాదుకు ముందే నిర్ణయించిన వ్యవధిలో చేరుకుంటుంది. ప్రొపోర్షనల్ రకంలో వేగం ఎంత చురుగ్గా తగ్గుతోందో కొలిచే సెన్సర్ ఉంటుంది కాబట్టి, సిగ్నల్ దగ్గర నెమ్మదిగా ఆగితే ట్రైలర్ కూడా నెమ్మదిగా, అత్యవసరంగా తొక్కితే అంతే గట్టిగా ఆగుతుంది. ధరలో తేడా ఉన్నా రెండో రకమే కొనమని చెబుతాను. నేను వాడుతున్నది టెకోన్షా ప్రాడిజీ పీ3. ట్రక్కుకూ ట్రైలర్‌కూ మధ్య ఏడు పిన్నుల సాకెట్టులోనే ఇమిడిపోయి, ఫోను ద్వారా సరిచేసుకునే కర్ట్ ఎకో వంటివి కూడా ఉన్నాయి. వైరింగు చేయడం ఇష్టం లేనివారికి అవి అనువుగా ఉంటాయి. అయినా ట్రైలర్ ఊగడం మొదలైన క్షణంలో చేయి వెతికేది పెడల్ తొక్కకుండానే ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేసే కంట్రోలర్ మీటను. ఆ మీట మోకాలి పక్కన ఎప్పుడూ ఒకే చోట ఉండాలన్నది నా పట్టుదల.

వైర్లు మనమే లాగవలసి వచ్చినప్పుడు

డాష్‌బోర్డు కింద ప్లగ్గు లేని పాత ట్రక్కులో పని కొంచెం పెద్దది. కంట్రోలర్ నుంచి నాలుగు వైర్లు వస్తాయి. నల్లది బ్యాటరీ పాజిటివ్‌కు, తెల్లది బ్యాటరీ నెగెటివ్‌కు, ఎర్రది బ్రేక్ పెడల్ పైనున్న స్టాప్ లైట్ స్విచ్‌కు, నీలిది వెనుక ఏడు పిన్నుల సాకెట్టుకు వెళ్లాలి. ట్రక్కు వైర్ల రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి ఆ వైపు రంగును నమ్ముకోకుండా ప్రతి వైరునూ టెస్ట్ లైటుతోనో మల్టీమీటరుతోనో నిర్ధారించుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు ట్రక్కును సమతలంగా నిలిపి, పార్కింగ్ బ్రేకు వేసి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పి పక్కకు పెట్టండి. ఎయిర్ బ్యాగుల వైర్లు డాష్‌బోర్డు కిందనే తిరుగుతుంటాయి, కొన్ని ట్రక్కులలో డ్రైవరు మోకాలి ఎదురుగానే ఒక ఎయిర్ బ్యాగు ఉంటుంది. దాని ప్యానెల్ మీద డ్రిల్లు పెట్టకూడదు, పసుపు రంగు తొడుగున్న వైర్ల జోలికి వెళ్లకూడదు.

కంట్రోలర్ కూర్చునే చోటును ముందుగా ఎంచుకోవాలి. డ్రైవరు సీటులో సహజంగా కూర్చుని, రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా మీట అందుతుందా, దిగేటప్పుడు మోకాలు దానికి తగులుతుందా అన్నవి రెండూ చూసుకోవాలి. ప్రొపోర్షనల్ రకమైతే అది ట్రక్కు వెళ్లే దిశకు సరిగ్గా సమాంతరంగా ఉండాలి. పెట్టె ముక్కు పక్కకు తిరిగి ఉంటే లోపలి సెన్సర్ తప్పు లెక్క వేస్తుంది. పైకి, కిందికి ఎంత వాలు ఉండవచ్చో మోడలును బట్టి మారుతుంది కనుక పెట్టెతో వచ్చిన కాగితం చదవాలి. స్క్రూ దింపే ముందు ఆ ప్లాస్టిక్కు వెనుక ఏముందో చేయి పెట్టి తడిమి చూడండి.

ఇప్పుడు నల్ల వైరు. నాలుగు చక్రాలకు బ్రేకులున్న రెండు ఇరుసుల ట్రైలర్‌ను తీసుకుంటే, ఒక్కొక్క అయస్కాంతం దాదాపు మూడు నుంచి నాలుగు ఆంపియర్లు లాగుతుంది. గట్టిగా తొక్కినప్పుడు మొత్తం పన్నెండు, పదిహేను ఆంపియర్లు అవుతుంది. సిగరెట్ లైటర్ వైరు నుంచో, ఫ్యూజు పెట్టెలో ఖాళీగా కనిపించిన గడి నుంచో ఈ కరెంటును తీసుకోకూడదు. బ్యాటరీ నుంచి నేరుగా, 12 గేజ్ కంటే సన్నం కాని వైరును లాగాలి. మూడు నాలుగు ఇరుసులుంటే 10 గేజ్ వైరు అవసరం. అమెరికా గేజ్ లెక్కలో అంకె తగ్గిన కొద్దీ వైరు లావవుతుందని గుర్తుంచుకోండి. బ్యాటరీకి దగ్గరలోనే ఒక ఆటో రీసెట్ సర్క్యూట్ బ్రేకర్ పెట్టాలి: నాలుగు బ్రేకుల వరకు 20 ఆంపియర్లది, అంతకు మించితే 30 ఆంపియర్లది. మామూలు ఫ్యూజు ఒకసారి కాలిపోతే దిగువకు వెళుతున్నప్పుడు బ్రేకులు పూర్తిగా పోతాయి, బ్రేకర్ అయితే చల్లబడి తనంతట తానే మళ్లీ కలుస్తుంది. బ్రేకర్‌కు ఉండే రెండు బోల్టులలో బ్యాట్ అని రాసినది బ్యాటరీ వైపుకు, ఆక్స్ అని రాసినది కంట్రోలర్ వైపుకు.

తెల్ల వైరు విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటిసారి బిగించినప్పుడు, ఇంజను గదిలోకి రెండో వైరు లాగడానికి బద్ధకించి, డాష్‌బోర్డు కింద ఒక లోహపు స్క్రూకు తెల్ల వైరును బిగించేశాను. ట్రక్కు లోహపు బాడీకి తగిలి ఎర్త్ దొరికితే చాలనుకున్నాను. ఇంటి ముందు పరీక్షలో అంతా బాగానే ఉంది. రాత్రి ప్రయాణంలో హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను పూర్తిగా నడుస్తుండగా కంట్రోలర్ తెర మీద అంకె ఎగిరెగిరి పడడం, ట్రైలర్ ఒకసారి ఊరికే వదిలేసి మరొకసారి ఒక్క కుదుపుతో పట్టుకోవడం మొదలైంది. ఆ స్క్రూ రంగు పూసిన రేకులో దిగి ఉంది, అదే మార్గంలో ఇంకెన్నో పరికరాల కరెంటు తిరిగి వెళుతోంది. తెల్ల వైరును తీసి బ్యాటరీ నెగెటివ్ దాకా విడిగా లాగిన రోజుతో ఆ జబ్బు పోయింది. నల్ల వైరు ఎంత లావో తెల్ల వైరు కూడా అంతే లావు ఉండాలి.

ఈ రెండు వైర్లూ నీలి వైరూ క్యాబిన్ నుంచి ఇంజను గదిలోకి వెళ్లడానికి మధ్యనున్న లోహపు గోడలో (ఫైర్‌వాల్) కొత్త రంధ్రం చేయవలసిన అవసరం సాధారణంగా ఉండదు. అసలు వైర్ల కట్ట బయటకు వెళ్లే చోట మందపాటి రబ్బరు గ్రామెట్ ఒకటి ఉంటుంది. దాని అంచున, లోపలి వైర్లకు తగలని చోట, మొన ఉన్న పనిముట్టుతో చిన్న చిల్లు పెట్టండి. తిన్నగా చేసిన బట్టల హ్యాంగరు తీగ కొనకు మూడు వైర్లనూ ఒకదాని వెనుక ఒకటిగా, మెట్లు మెట్లుగా ఇన్సులేషన్ టేపుతో చుట్టి, ఆ టేపుకు ఒక చుక్క గిన్నెల సబ్బు రాస్తే రబ్బరులోంచి జారిపోతాయి. ముగ్గురు మనుషులను ఒకే గుమ్మంలోంచి ఒకేసారి తోయబోతే అక్కడే ఇరుక్కుంటారు కదా, వైర్లూ అంతే. పని అయ్యాక ఆ చిల్లును సిలికాన్‌తో మూసేయాలి, లేకపోతే తొలి వానకే కాళ్ల దగ్గర చెమ్మ చేరుతుంది.

ఎర్ర వైరు కోసం బ్రేక్ పెడల్ కాడ వెంట కళ్లు పైకి తీసుకెళ్లండి, పెడల్ కదిలే చోట చిన్న స్విచ్ కనిపిస్తుంది. ఈ ఒక్క పరీక్ష కోసం బ్యాటరీని మళ్లీ కలిపి, స్విచ్‌కు వెళ్లే వైర్లను ఒక్కొక్కటిగా చూడాలి. పెడల్ వదిలి ఉన్నప్పుడు కరెంటు లేకుండా, తొక్కినప్పుడు మాత్రమే పన్నెండు వోల్టులు చూపించేదే మనకు కావలసినది. ఎప్పుడూ కరెంటు ఉండే వైపుకు ఎర్ర వైరును కలిపితే, మీరు నిరంతరం బ్రేకు తొక్కుతున్నారనే కంట్రోలర్ అనుకుంటుంది. నాలుగైదు వైర్లున్న స్విచ్‌లలో క్రూజ్ కంట్రోల్‌కు సంబంధించినవీ ఉంటాయి కనుక పెడల్‌ను పదిసార్లు తొక్కి చూసైనా సరే, అనుమానం తీరాకే కలపండి.

నీలి వైరు ట్రక్కు ఫ్రేము లోపలి వైపుగా వెనుకదాకా వెళ్లి ఏడు పిన్నుల సాకెట్టులో ఎలక్ట్రిక్ బ్రేక్ పిన్నుకు చేరాలి. సాకెట్టు వైరింగు బొమ్మను ట్రక్కు వైపు నుంచి చూస్తున్నామా, ట్రైలర్ వైపు నుంచి చూస్తున్నామా అన్నది గమనించాలి. ఒకటి మరొకదానికి అద్దంలో ప్రతిబింబం వంటిది. ఎగ్జాస్ట్ గొట్టానికి దూరంగా, ప్రతి అడుగుకూ ఒక జిప్ టై వేస్తూ, పదునైన అంచుల దగ్గర ప్లాస్టిక్ తొడుగు వేస్తూ లాగండి. వైరును చీల్చి పట్టుకునే నీలి రంగు క్లిప్పులతో అతుకులు వేయడం సులువే. కానీ ట్రక్కు కింద వాన నీరు, చలి రాష్ట్రాలలో రోడ్డు మీద చల్లే ఉప్పు చేరి అవి లోపలే చిలుము పట్టిపోతాయి. జిగురున్న హీట్ ష్రింక్ బట్ కనెక్టర్లను (వేడికి ముడుచుకుని వైరును పట్టుకునే అతుకు గొట్టాలను) నొక్కి బిగించి వేడి చేస్తే ఆ బెడద ఉండదు.

పరీక్ష, సర్దుబాటు

బ్యాటరీ కలిపి, ట్రైలర్ తగిలించాక కంట్రోలర్ ట్రైలర్‌ను గుర్తించాలి. అంకెల తెర ఉన్న ప్రాడిజీ పీ2లో తగిలించనప్పుడు ఎన్ సీ అని, తగిలించాక సీ అని అక్షరాలు వస్తాయి. పీ3లో మాటలే కనిపిస్తాయి. పీ3లో బ్రేకుల రకం ఎలక్ట్రిక్ అని ఎంచుకోవడం మరువకండి. చక్రాలు కదలకుండా అడ్డాలు పెట్టి, ఒక వైపు చక్రాన్ని జాకీతో లేపి చేత్తో తిప్పుతూ, లోపల మరొకరిని మీట నొక్కమనండి. చక్రం పట్టుబడి ఆగాలి, డ్రమ్ము నుంచి సన్నని గుయ్యిమనే శబ్దం వినపడాలి. ప్రతి చక్రానికీ ఇలాగే చేయండి. షార్ట్ అయిందని కంట్రోలర్ చూపిస్తే ముందుగా అనుమానించవలసింది ట్రైలర్ ఇరుసు గొట్టంలోంచి అవతలి చక్రానికి వెళ్లే వైరును, ఆ గొట్టంలో అది ఏళ్ల తరబడి ఒరుసుకుని ఒలిచిపోతుంది.

కంట్రోలర్‌ను సర్దే ముందు బ్రేక్ షూలను సర్దాలి. ఈ క్రమాన్ని తిరగేసినవారే ఎక్కువ, ఆ తరువాత తప్పంతా కొత్త పెట్టె మీద వేస్తారు. వాటంతటవే సర్దుకునే రకం కాకపోతే, చక్రం లేపి డ్రమ్ము వెనుక ఉండే రేకు (బ్యాకింగ్ ప్లేటు) అడుగున ఉన్న రబ్బరు మూత తీస్తే చిన్న సందు కనిపిస్తుంది. అందులోంచి బ్రేక్ స్పూను దూర్చి, పళ్ల చక్రాన్ని ఒక్కొక్క పన్నే తిప్పుతూ పోతే, షూలు డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని తిప్పడం కష్టమయ్యే స్థితి వస్తుంది. అక్కడి నుంచి దాదాపు పది పళ్లు వెనక్కి తిప్పితే చక్రం చాలా తేలికైన రాపిడితో స్వేచ్ఛగా తిరుగుతుంది. కొత్త బ్రేకులకు మొదటి 200 మైళ్ల తరువాత, ఆపైన ప్రతి 3,000 మైళ్లకూ ఇది మళ్లీ చేయాలి.

తరువాత ఖాళీగా ఉన్న, పొడిగా, సమతలంగా ఉన్న తారు రోడ్డు మీద గంటకు 25 మైళ్ల వేగంతో వెళుతూ, పెడల్ తాకకుండా కంట్రోలర్ మీటను పూర్తిగా నెట్టండి. ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోయి జారితే కంట్రోలర్‌లో పవర్, అంటే బ్రేకులకు పంపే కరెంటు మోతాదును చూపే అంకె, తగ్గించాలి, మెతకగా లాగినట్లుంటే కొద్దికొద్దిగా పెంచాలి. చక్రాలు బిగుసుకోవడానికి ఒక్క అడుగు ముందున్న స్థానమే సరైనది. వెనుక నుంచి చూసి చెప్పడానికి రోడ్డు పక్కన ఒక మనిషి ఉంటే మంచిది, క్యాబిన్‌లో కూర్చున్నవారికి చక్రం జారడం తెలియకపోవచ్చు. బూస్ట్ అనేది పెడల్ తొక్కిన తొలి క్షణంలో ట్రైలర్‌కు ఇచ్చే అదనపు ఊపు. ట్రైలర్ ట్రక్కు కంటే బరువైనదైతే తప్ప దాన్ని తక్కువలోనే ఉంచుతాను. కొత్త షూలైతే, గంటకు 40 మైళ్ల నుంచి 20 మైళ్లకు ట్రైలర్ బ్రేకులతో తగ్గుతూ ఇరవై, ముప్పయి సార్లు, మధ్యలో చల్లబడనిస్తూ చేసిన తరువాతే అవి డ్రమ్ముకు పూర్తిగా అమరుతాయి. అప్పుడు పవర్ మళ్లీ ఒకసారి చూసుకోవాలి, ఎందుకంటే ముందు సరిపోయిన అంకె ఇప్పుడు ఎక్కువ కావచ్చు.

ట్రక్కుకు ట్రైలర్‌ను తగిలించే హిచ్ ఊడిపోతే ట్రైలర్‌ను ఆపే బ్రేక్ అవే స్విచ్‌కు ట్రైలర్ మీద సొంత బ్యాటరీ ఉంటుంది. దాని పిన్ను లాగి పరీక్షించేటప్పుడు ట్రక్కు నుంచి ఏడు పిన్నుల ప్లగ్గును తప్పక తీసేయాలి, లేకపోతే ఆ కరెంటు వెనక్కి తన్ని కంట్రోలర్‌ను పాడుచేయవచ్చు. ఆ పిన్నుకున్న తీగను ట్రక్కు ఫ్రేముకు విడిగా తగిలించాలి. సేఫ్టీ చెయిన్లకో, హిచ్ బంతిని మోసే బాల్ మౌంటుకో కడితే, అవి ఊడినప్పుడు తీగ కూడా వాటితోనే పోతుంది, పిన్ను కదలదు.

ప్రతి ప్రయాణంలోనూ వీధి చివర దాటకముందే, నడక వేగంలో ఒకసారి మీట మాత్రమే నొక్కి ట్రైలర్ పట్టు చూడడం అలవాటు చేసుకోండి. బరువు మారితే పవర్ అంకె మారుతుంది: గాలన్ నీరు 8.3 పౌండ్లు కనుక 40 గాలన్ల ట్యాంకు నింపితేనే 330 పౌండ్లు చేరినట్లు. వానలో తడిసిన రోడ్డు మీద ఎండరోజు అంకెతో చక్రాలు జారతాయి, కాబట్టి తగ్గించుకోవాలి. నా ట్రక్కు సన్ వైజర్ వెనుక ఒక చిన్న కాగితం అంటించి, ఖాళీ ట్రైలర్‌కు ఒక అంకె, నిండు ట్రైలర్‌కు ఒక అంకె, వానకు ఒక అంకె రాసి పెట్టుకున్నాను.